వానకోయిల చలికాలం ఎక్కడ గడుపుతుంది?

1911 మే 6న ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో, చీడిల్ అనే ఊళ్లో, జాన్ మేస్‌ఫీల్డ్ అనే న్యాయవాది తన ఇంటి వసారాలో గూడు కట్టుకున్న పిట్టనొకదాన్ని పట్టుకున్నాడు. దాని కాలికి పల్చటి లోహపు రింగు తొడిగి వదిలేశాడు. రింగు మీద ఒక సంఖ్య, లండన్‌లోని ఒక చిరునామా చెక్కి ఉన్నాయి. ఏడాదిన్నర గడిచాక, 1912 డిసెంబరు 23న, ఆ రింగుతో ఆ పిట్ట దక్షిణాఫ్రికాలో దొరికింది. నేటాల్ ప్రాంతంలో యూట్రెక్ట్ అనే పట్టణానికి కొంత దూరంలో ఉన్న పొలంలో పట్టుకున్నామని అక్కడి నుంచి ఒకాయన లండన్ చిరునామాకు ఉత్తరం రాశాడు.

ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 9,500 కిలోమీటర్లు. పిట్ట బరువు 20 గ్రాములు, అంటే ఇప్పటి బంగారం కొట్ల లెక్కలో రెండు తులాలు. బ్రిటన్ వానకోయిలలు చలికాలంలో ఆఫ్రికా దక్షిణ కొసదాకా పోతాయనడానికి చేతికి చిక్కిన మొదటి రుజువు ఇదే. అప్పటికే మనుషులు విమానాలు నడుపుతున్నారు, రేడియోలో సంకేతాలు పంపుకుంటున్నారు. తమ ఇంటి చూరు కింద పిల్లల్ని పెంచే పిట్ట చలికాలం ఎక్కడ గడుపుతుందో మాత్రం తేల్చుకోలేకపోయారు.

ఈ ఆలస్యం తెలివి తక్కువై కాదు. నా అంచనాలో కారణం వేరు. ఈ పిట్ట మనకు మరీ దగ్గర. దగ్గరివాళ్ల గురించి మనం విచారించం, ఊహించుకుంటాం. వానకోయిల మీద ప్రేమే చాలాకాలం తప్పుడు నమ్మకాలను పోషించింది. తర్వాత రుజువులు పోగుచేసిందీ ఆ ప్రేమే. ఈ వ్యాసం ఆ రెండు వైపులా చూసే ప్రయత్నం.

ఏ పిట్ట గురించి మాట్లాడుతున్నాం?

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. శాస్త్రజ్ఞులు హిరుండో రస్టికా అని పిలిచే పిట్ట ఇది. వీపు నిగనిగలాడే నీలినలుపు, నుదురూ గొంతూ ఇటుక ఎరుపు, మన దగ్గర కనిపించేవాటికి ఎక్కువగా పొట్ట తెలుపు, తోక కత్తెరలా చీలి రెండు సన్నటి ఈకలుగా సాగి ఉంటుంది. తెలుగులో దీన్ని వానకోయిల అంటాం. కోయిలతో దీనికి చుట్టరికం ఏమీ లేదు.

అసలు చిక్కు ఇంకో జాతితో వస్తుంది. తాటిచెట్ల చుట్టూ, పాత గోపురాల చుట్టూ కీచుమంటూ తిరిగే కొడవలి రెక్కల పిట్టలు వేరు. వాటిని ఇంగ్లీషులో స్విఫ్ట్‌లంటారు. గాల్లో పురుగుల్ని పట్టే పని ఒకటే కావడంతో రెండు జాతుల ఆకారాలూ దగ్గరికొచ్చాయి కానీ, స్విఫ్ట్‌లకు దగ్గరి చుట్టాలు అమెరికా ఖండాల తేనెపిట్టలైన హమ్మింగ్‌బర్డ్‌లు. వానకోయిల పిచ్చుక, గోరువంకల పెద్ద కుటుంబానికి చెందింది. గుర్తుపట్టడానికి సులువు ఒకటుంది: కరెంటు తీగ మీద వరసగా కూర్చుంటే వానకోయిలలు. స్విఫ్ట్ కాళ్లు అలా కూర్చోవడానికి పనికిరావు, గోడకో ఆకుకో వేలాడటానికే పనికొస్తాయి.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, వానకోయిల అన్న మాటలోనే ఒక సాక్ష్యం దాగుంది. నైరుతి వానలు కురిసే జూన్, జూలై నెలల్లో ఈ ఎర్రగొంతు పిట్ట తెలుగునాట ఉండదు. అప్పుడది ఉత్తరాన ఎక్కడో పిల్లలకు మేత పెడుతూ ఉంటుంది. సెప్టెంబరులో మొదలై అక్టోబరుకల్లా మన పొలాల మీద కనిపిస్తుంది, మార్చి ఏప్రిల్‌లలో వెళ్లిపోతుంది. మరి వానతో ముడిపడ్డ పేరెలా వచ్చింది? నాకు తోచిన సమాధానం ఇది: ఊళ్లో ఈ పేరు ఒక్క జాతికి కాక, ఏడాదంతా ఇక్కడే ఉండే ఎర్రనడుము వానకోయిల, తీగతోక వానకోయిల, తాటిచెట్టు స్విఫ్ట్ మొదలైన వాటన్నిటికీ కలిపి వాడి ఉంటారు. చినుకు ముందు గాలి చల్లబడి తేమెక్కితే, వేడిగాలితో పైకి పోయే చిన్న పురుగులు నేలకు దగ్గరగా ఉండిపోతాయి. వాటి వెంట పిట్టలూ కిందికి దిగుతాయి. వానకు ముందు ఇవి నేలబారుగా ఎగురుతాయని రైతు చెప్పే మాటలో పస ఉంది. అయితే పిట్ట జోస్యం చెప్పడం లేదు, తిండి ఉన్న చోటికి పోతోంది.

హైదరాబాదు దక్కనీ ఉర్దూలో దీన్ని అబాబీల్ అంటారు. ఖురాన్ 105వ సూరాలో ఏనుగుల సేన మీద రాళ్లు విసిరిన పక్షుల వర్ణనలో ఈ మాట వస్తుంది. అరబ్బీలో దాని అర్థం గుంపులు గుంపులుగా అని, అది ఏ ఒక్క జాతి పేరూ కాదు. ఉర్దూలోకి వచ్చాక ఇది ఈ పిట్టకు పేరై స్థిరపడింది. గుంపుగా ఎగరడంలో దీన్ని మించిన ఉదాహరణ కళ్ల ముందు ఇంకొకటి దొరక్క కాబోలు.

నీళ్ల అడుగున నిద్ర

క్రీస్తుకు ముందు 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్‌కు పక్షుల వలస గురించి బాగా తెలుసు. కొంగలు, గూడబాతులు దూరదేశాలకు పోతాయని రాశాడు. వానకోయిలల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మార్చాడు. వెచ్చటి ప్రదేశాలకు దగ్గరగా ఉన్నవి అక్కడికి పోతాయనీ, మిగిలినవి కన్నాల్లో దాక్కుంటాయనీ, అక్కడ ఈకలు రాలిపోయి కనిపించాయనీ రాశాడు. ఆ రెండో వాక్యమే దాదాపు రెండు వేల ఏళ్లు నడిచింది.

1555లో స్వీడన్‌కు చెందిన మతాధికారి ఒలాస్ మాగ్నస్ ఇంకొంచెం ముందుకెళ్లాడు. ఉత్తర దేశాల జాలర్లు గడ్డకట్టిన చెరువుల్లో వల వేసి లాగితే చేపలతో పాటు ముద్దగా చుట్టుకుని నిద్రపోతున్న వానకోయిలలూ వస్తాయని రాశాడు. పుస్తకంలో బొమ్మ కూడా వేయించాడు. జాలర్ల వలలో ఒకవైపు చేపలు, ఒకవైపు పిట్టలు! 18వ శతాబ్దంలో జీవజాతులన్నిటికీ జంట పేర్లు పెట్టిన లినేయస్ కూడా ఈ నీటినిద్రను కొట్టిపారేయలేదు. ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్ దాన్ని నమ్మాడు.

వీళ్లను చూసి నవ్వడం తేలిక. కానీ ఈ నమ్మకం వెనకున్న చూపు నిజమైందే. శీతాకాలం ముందు వేలకొద్దీ వానకోయిలలు సాయంత్రం వేళ చెరువుల రెల్లు పొదల మీద చేరతాయి. సూర్యుడు దిగగానే ఒక్కసారిగా నీళ్ల మీది రెల్లులోకి మునిగినట్టు దిగిపోతాయి. కొన్ని రోజులు అలా సాగి, ఒక ఉదయం అక్కడ ఒక్కటీ మిగలదు. చూసినవాడు సరిగ్గానే చూశాడు, చివరిసారి కనిపించింది నీళ్ల మీదే. తప్పు కంటిది కాదు, అక్కడి నుంచి కట్టిన తర్కానిది. ఇప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది ఈ వివరణనే ఒప్పుకుంటున్నారు.

18వ శతాబ్దంలోనే బెర్లిన్‌లో యోహాన్ లియొన్‌హార్డ్ ఫ్రిష్ అనే పండితుడు ఒక పరీక్ష చేశాడు. వానకోయిలల కాళ్లకు నీళ్లలో కరిగే రంగు వేసిన దారాలు కట్టాడు. మరుసటి వసంతంలో పిట్టలు తిరిగొచ్చినప్పుడు దారాల రంగు చెక్కుచెదరలేదు. నీళ్ల అడుగున ఆరు నెలలు పడుకుంటే రంగు మిగిలేది కాదు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ దారమే. పైసా ఖర్చు లేదు, యంత్రం లేదు, అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు వచ్చింది. అయినా లోకం వెంటనే మారలేదు.

1789లో అచ్చయిన గిల్బర్ట్ వైట్ పుస్తకంలో ఈ ఊగిసలాట ఇంకా బాగా కనిపిస్తుంది. సెల్‌బోర్న్ గ్రామంలో మతసేవకుడైన వైట్ ఆ కాలంలో అందరికంటే ఓపిగ్గా పక్షుల్ని గమనించినవాడు. ఆయన తమ్ముడు జిబ్రాల్టర్‌లో ఉండేవాడు. వానకోయిలలు వసంతంలోనూ శరదృతువులోనూ జలసంధి దాటుతుండగా కళ్లారా చూసి అన్నకు రాశాడు. వైట్ తమ్ముడి మాట నమ్మాడు. అయినా తన ఊళ్లో వేళ తప్పి కనిపించే ఒకటీ అరా పిట్టల్ని చూసి, కొన్నైనా ఇక్కడే ఎక్కడో దాక్కుని ఉంటాయన్న ఆశ వదులుకోలేదు. నా ఉద్దేశంలో ఇది తర్కం చేసిన పొరపాటు కాదు, మన పిట్ట మన ఊళ్లోనే ఉండాలన్న కోరిక.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. చలికాలమంతా నిద్రపోయే పక్షి ప్రపంచంలో లేదనుకుంటే అదీ తప్పే. 1946 డిసెంబరులో కాలిఫోర్నియాలోని చక్‌వాలా కొండల్లో ఎడ్మండ్ జేగర్ అనే ప్రకృతి పరిశోధకుడు రాతి సందులో కదలకుండా ఉన్న పూర్‌విల్ అనే నక్కుడుగువ్వ జాతి పిట్టను చూశాడు. ఆ తర్వాతి చలికాలాల్లోనూ వెళ్లి దాని ఒంటి వేడి కొలిచాడు. అది నిజంగానే శీతనిద్రలో ఉంది. అరిస్టాటిల్ ఊహకు ఒక జాతి దొరికింది, కాకపోతే అది వానకోయిల కాదు.

రింగు చెప్పింది, రింగు చెప్పనిది

పిట్టలు ఖండాలు దాటుతాయని ఉత్తర ఐరోపావాళ్లకు తిరుగులేకుండా చూపించింది ఒక కొంగ. 1822లో జర్మనీలోని క్లూట్స్ దగ్గర, మెడలో ఆఫ్రికా ఈటె గుచ్చుకుని ఉన్న కొంగ దొరికింది. దాన్ని ఇప్పటికీ రోస్టాక్ విశ్వవిద్యాలయంలో భద్రపరిచారు. అయితే అలాంటి అదృష్టం మీద పరిశోధన నడవదు. 1899లో డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ మార్టెన్‌సెన్ అనే బడిపంతులు అల్యూమినియం రింగుల మీద సంఖ్య, చిరునామా చెక్కి గోరువంక జాతి పిట్టలకు తొడగడం మొదలుపెట్టాడు. పద్ధతి అన్నది అక్కడ మొదలైంది. చీడిల్ వసారాలోని రింగు ఆ పరంపరలోదే.

రింగు గొప్పతనం ఎంతో, దాని పరిమితీ అంతే. పిట్ట ఎక్కడ మొదలైందో, ఎక్కడ దొరికిందో చెబుతుంది. మధ్యలో ఏ దారిన పోయిందో చెప్పదు. పైగా రింగు దొరకాలంటే అక్కడ మనిషి ఉండాలి, చదవగలగాలి, ఉత్తరం వేయాలి. సహారా ఎడారిలో రాలిపోయిన పిట్ట గురించి ఉత్తరం రాసేవాళ్లు లేరు. అందుకని రింగుల పటం పిట్టల పటమే కాదు, మనుషుల పటం కూడా. తపాలా బాగా నడిచిన దేశాల్లో చుక్కలు ఎక్కువ.

ఈ లోటు తీర్చడానికి జియోలొకేటర్ వచ్చింది. ఒక గ్రాము కంటే తేలికైన ఈ పరికరం వెలుతురును నమోదు చేస్తుంది. సూర్యోదయ సూర్యాస్తమయ వేళల్ని బట్టి పిట్ట ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గరుందో తర్వాత లెక్కకడతారు. ఇటలీ, స్విట్జర్లాండ్ వానకోయిలలు చలికాలాన్ని ఎక్కువగా కామెరూన్ చుట్టుపక్కల గడుపుతాయని ఇవి తేల్చాయి. కానీ ఆ పరిశోధకులే ఇంకో సంగతి నిజాయితీగా బయటపెట్టారు. పరికరం మోసిన పిట్టలు, మోయని పిట్టల కంటే తక్కువగా తిరిగొచ్చాయి. కొలిచే సాధనమే కొలవాల్సినదాన్ని మార్చేస్తోందన్నమాట. పరికరంతో తిరిగొచ్చిన వాటి దారినే అన్నిటి దారీ అనేముందు ఒక నిమిషం ఆగాల్సిందే.

అన్ని పద్ధతులూ కలిపి చూస్తే నిలబడే విషయాలు కొన్నున్నాయి. చాలా చిన్న పిట్టలు రాత్రిళ్లు వలసపోతాయి, వానకోయిల మాత్రం ఎక్కువగా పగలే పోతుంది. దారిలో ఎగురుతూనే తింటుంది, నీటి మీదుగా పోతూ ముక్కు తాకించి తాగుతుంది. రాత్రయితే రెల్లులో గుంపుగా నిద్రపోతుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకుని పోవు. ఏ వైపు పోవాలో పుట్టుకతోనే వస్తుంది. మిగతాది దారి నేర్పుతుంది, నేర్వలేనివి చచ్చిపోతాయి. 11 ఏళ్లు దాటి బతికిన పిట్టల రికార్డులున్నా, బ్రిటన్ లెక్కల్లో దీని సగటు ఆయుష్షు రెండేళ్ల దరిదాపుల్లోనే. నిరుడు వచ్చిన జంటే మళ్లీ వచ్చిందని మురిసిపోయే ఇంటివాళ్ల మాట కొన్నిసార్లు నిజం. చాలాసార్లు వచ్చింది ఒక్కటే, దాని జత కొత్తది.

బురద, ఈకలు, తోక

గూటి సంగతి చెప్పకుండా ఈ పిట్ట గురించి చెప్పలేం. ఆడా మగా కలిసి నీటి అంచు నుంచి బురదను ముక్కుతో చిన్న ఉండలుగా తెచ్చి, గడ్డిపోచలు కలిపి, దూలానికో గోడకో అరగిన్నెలా అతికిస్తాయి. ఒక గూటికి దాదాపు వెయ్యి ఉండలు కావాలి. లోపల ఈకలు పరుస్తాయి. నాలుగైదు గుడ్లు, రెండు వారాలు దాటిన పొదుగు, ఆపైన సుమారు మూడు వారాల మేత. పిల్లల నోళ్లు నింపడానికి తల్లీ తండ్రీ రోజుకు వందల సార్లు తిరుగుతాయి. కుదిరితే అదే వేసవిలో రెండో కాన్పు. పాత గూడు గట్టిగా ఉంటే మరమ్మతు చేసుకుని మరుసటేడూ వాడుకుంటాయి. పాకలో పశువులుంటే ఈగలుంటాయి, ఈగలుంటే పిల్లలకు తిండి ఉంటుంది. ఈ పిట్ట మనిషిని కోరుకుందని కవులు అనవచ్చు. రుజువులు చెప్పేది మనిషి కట్టిన గోడనూ, అతని పశువు వెంట చేరే ఈగలనూ కోరుకుందని.

తోక మీద జరిగిన వాదం పరిశోధన నడిచే తీరుకు మంచి నమూనా. 1988లో డెన్మార్క్‌లో జరిగిన ప్రయోగంలో కొన్ని మగపిట్టల తోకకు ఈకముక్క అతికించి పొడిగించారు, కొన్నిటికి కత్తిరించారు. పొడుగు తోకలవాటికి ఆడపిట్టలు త్వరగా దొరికాయి. పాఠ్యపుస్తకాలన్నీ దీన్ని ఎత్తుకున్నాయి. తర్వాత ఉత్తర అమెరికాలో చూస్తే అక్కడి ఆడపిట్టలు తోక కంటే పొట్టమీది ఎరుపు ముదురును ఎక్కువ పట్టించుకుంటున్నట్టు తేలింది. ఇంకోవైపు ఎగిరే తీరును కొలిచినవాళ్లు, తోక పొడవులో ఎక్కువ భాగం మలుపులు తిరగడానికి పనికొచ్చేదేననీ, కొసన సెంటీమీటరు పైచిలుకు మాత్రమే షోకు కోసమనీ చెప్పారు. మొదటి ప్రయోగం తప్పని కాదు. ఒక దేశంలో నిజమైంది జాతి మొత్తానికీ నిజం కానక్కర్లేదు, అంతే.

వలస కూడా రాతిమీద చెక్కిన గీత కాదని చూపించిన ఉదంతం అర్జెంటీనాది. ఉత్తర అమెరికాలో పిల్లల్ని కనే వానకోయిలలు చలికాలం దక్షిణ అమెరికాకు పోతాయి. 1980లో బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రంలో కొన్ని జంటలు వెనక్కి పోకుండా కల్వర్టుల కింద అక్కడే గూళ్లు కట్టాయి. సంఖ్య పెరిగింది. 2017లో అచ్చయిన జియోలొకేటర్ ఫలితాల ప్రకారం వీటి క్యాలెండరు తలకిందులైంది. అర్జెంటీనా వేసవిలో పిల్లల్ని కని, అక్కడ చలి మొదలైతే ఖండం ఉత్తరభాగానికి పోయి గడుపుతున్నాయి. నలభై ఏళ్లలోపే ఒక కొత్త వలస పుట్టింది. వేల ఏళ్ల ఆచారమని మనం అనుకునేది ఒకటి రెండు మానవ తరాల్లో మారిపోగలదు.

ఇంకా విచిత్రం బైకాల్ సరస్సు ప్రాంతానిది. ఆసియా నుంచి జీవులు అమెరికాకు పోయిన కథలే మనం వింటాం. 2006లో అచ్చయిన మైటోకాండ్రియా డీఎన్‌ఏ అధ్యయనం ప్రకారం బైకాల్ వైపు వానకోయిలలకు దగ్గరి పూర్వికులు ఉత్తర అమెరికావి. అంటే ఇవి అటు నుంచి ఇటు వచ్చాయి. మైటోకాండ్రియా తల్లివైపు వంశాన్నే చూపుతుంది కనుక ఈ నిర్ణయాన్ని అంతవరకే తీసుకోవాలి.

నెల్లూరు నుంచి ఒక పేరు

బైకాల్ వైపు ఉండే ఆ సైబీరియా ఉపజాతి పేరు టైట్లరీ. రాబర్ట్ టైట్లర్ అనే సైనికాధికారి పేరు మీదుగా 1864లో ఆ పేరు పెట్టినవాడు థామస్ జెర్డన్. జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయన రాసిన భారతదేశ పక్షుల గ్రంథంలో జాతి జాతికీ దేశభాషల పేర్లు దొరికినంతవరకూ ఇచ్చాడు, అందులో తెలుగు పేర్లు చాలా ఉన్నాయి. ఆ పేర్లు చెప్పిన వేటగాళ్లు, పిట్టలు పట్టేవాళ్లు ఎవరన్నది ఆ పుస్తకంలో లేదు. మన పక్షిశాస్త్ర చరిత్రలో నన్ను నొప్పించే ఖాళీ అదే.

టైట్లరీ పిట్టలు చలికాలంలో బంగ్లాదేశ్, ఈశాన్య భారతం, ఆపైన ఆగ్నేయాసియాలో కనిపిస్తాయి. తెలుగు నేల మీద కనిపించేవి ఎక్కువగా తెల్లపొట్ట ఉపజాతులు. హిమాలయాల్లో, వాటికి ఉత్తరాన ఉన్న ఆసియా నేలల్లో గూళ్లు కట్టేవి. కశ్మీరులో ఈ పిట్ట దుకాణాల లోపలి దూలాలకే గూడు కడుతుంది. మన దగ్గర కోతకొచ్చిన వరిచేల మీద, కొల్లేరు, పులికాట్ లాంటి నీటి అంచుల మీద, సాయంత్రమైతే ఊరవతలి కరెంటు తీగల మీద దర్శనమిస్తుంది. మనకది గూడు కట్టని అతిథి. కల్వర్టు కప్పు కిందో, పాడుబడ్డ మండపంలోనో బురద గూడు కనిపిస్తే అది ఎర్రనడుము వానకోయిలదో, ఇక్కడే ఉండే మరో చుట్టానిదో అయి ఉంటుంది. ఎర్రనడుముదైతే సీసా మెడలాంటి సొరంగం ఉంటుంది.

ఆసియా వలసల గురించి పెద్దఎత్తున రింగులు వేసిన కార్యక్రమం 1963 నుంచి 1971 దాకా ఇలియట్ మెక్‌క్లూర్ ఆధ్వర్యంలో నడిచింది. పక్షులు వ్యాధుల్ని మోస్తాయేమోనన్న భయంతో అమెరికా సైన్యం డబ్బు పెట్టింది. పది లక్షలకు పైగా పక్షులకు రింగులు వేశారు. బ్యాంకాక్ నడివీధుల్లో తీగల మీద నిద్రపోయే వానకోయిలలు అందులో పెద్ద భాగం. ఐరోపాతో పోలిస్తే ఆసియా పటంలో చుక్కలు ఇప్పటికీ పల్చనే.

మనుషులు ఏం చేశారు?

సాంటోరిని ద్వీపంలో అక్రోటిరి అనే పట్టణం అగ్నిపర్వతం బూడిద కింద కప్పబడిపోయింది. అక్కడ ఒక గది గోడల మీద రాళ్లు, లిల్లీలు, వాటి మధ్య గాల్లో ముక్కూ ముక్కూ కలుపుతున్న వానకోయిలల బొమ్మలు దొరికాయి. మూడున్నర వేల ఏళ్ల నాటివి. చీలిన తోక, ఎర్ర గొంతు స్పష్టంగా ఉన్నాయి. పిట్టను దగ్గర నుంచి చూసినవాడి చేయి అది.

ఎస్టోనియా దీన్ని జాతీయ పక్షిగా ఎంచుకుంది, తన 500 క్రూన్ల నోటు మీద ముద్రించింది. జపాన్‌లో దుకాణం చూరుకు గూడు కడితే వ్యాపారం కలిసొస్తుందని నమ్మకం. రెట్టలు కొనేవాళ్ల మీద పడకుండా గూటి కింద చిన్న పలక కొడతారే తప్ప గూడు పీకరు. ఆ దేశంలో ఇషికావా ప్రాంతపు ప్రాథమిక పాఠశాలల పిల్లలు 1972 నుంచి ఏటా తమ ఊళ్లో వానకోయిలల్ని లెక్కపెడుతున్నారు. నమ్మకం గణాంకంగా మారిన అరుదైన సందర్భమిది.

1931 సెప్టెంబరులో ఆస్ట్రియాలో చలి ముందే వచ్చి పురుగులు మాయమై, వానకోయిలలు ఆకలితో రాలిపోయాయి. జనం వాటిని ఏరి, బుట్టల్లో పెట్టి, వియన్నా నుంచి రైళ్లలో, విమానాల్లో ఆల్ప్స్ దాటించి వెనిస్‌లో వదిలారు. దాదాపు 89,000 పిట్టలని ఆనాటి లెక్క. 1974లో స్విట్జర్లాండ్, దక్షిణ జర్మనీల్లో ఇంకా పెద్ద ఎత్తున అదే పని చేశారు. ఇది జాతిని కాపాడిందా అంటే నేను అవునని రాయలేను. అంతకంటే ఎన్నో రెట్లు ఆ శరదృతువుల్లో చనిపోయాయి. కానీ రెండు తులాల పిట్ట కోసం రైలుపెట్టె కేటాయించిన మనుషులున్నారని రాయగలను.

ఈ ప్రేమ అంతటా ఒకేలా లేదు. నైజీరియాలో కామెరూన్ సరిహద్దు దగ్గర ఎబ్బాకెన్ గ్రామం పక్క కొండ మీద చలికాలంలో లక్షల వానకోయిలలు రాత్రి దిగుతాయి. అక్కడివాళ్లు వాటిని పట్టి తినేవారు. మాంసం దొరకని చోట అది వాళ్ల తిండి. ఐరోపా పక్షిప్రేమికులు దీన్ని చూసి బాధపడి ఊరుకోకుండా ఊరివాళ్లతో కూర్చుని వేరే దారులు వెతికారు, అది మంచి పని. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర మౌంట్ మోర్‌ల్యాండ్ రెల్లుపొదల్లో 30 లక్షల దాకా రాత్రి నిద్రిస్తాయని అంచనా వేశారు. వాటి పక్కనే 2010లో కొత్త విమానాశ్రయం తెరిచారు. పిట్టల గుంపులెప్పుడు లేస్తున్నాయో రాడార్‌తో చూస్తూ విమానాల్ని సర్దుతూ వచ్చారు.

ప్రేమ పంచాంగమైతే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని సాన్ హువాన్ కాపిస్ట్రానో చెబుతుంది. అక్కడి పాత చర్చికి ఏటా మార్చి 19న వానకోయిలలు తిరిగొస్తాయని ప్రసిద్ధి, పాటలు, ఊరేగింపులు. నిజానికి ఇవి కొండచరియల్లో గూడు కట్టే వేరే జాతి, ఒక్క రోజున కాక వారాల తరబడి కొంచెం కొంచెంగా వస్తాయి. 1990ల్లో కట్టడం మరమ్మతులో పాత గూళ్లు తీసేశాక అవి చర్చికి రావడమే మానేశాయి. తర్వాత నకిలీ గూళ్లు పెట్టి, రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవాల్సి వచ్చింది. పండగ మాత్రం ఆగలేదు.

తగ్గుతున్నాయా?

ప్రపంచ స్థాయిలో ఈ జాతికి ఇప్పుడు ప్రమాదం లేదు. ప్రకృతి పరిరక్షణ సంఘాల జాబితాలో ఆందోళన అక్కర్లేని వర్గంలోనే ఉంది, కానీ సంఖ్య తగ్గుతోందని అదే జాబితా చెబుతోంది. కెనడాలో 2011లో నిపుణుల సంఘం దీన్ని ముప్పున్న జాతిగా లెక్కించింది, పదేళ్లకు ఒక మెట్టు దించింది. కారణాల గురించి గట్టిగా చెప్పగలిగేది తక్కువ. జర్మనీలో రక్షిత ప్రాంతాల్లో వల పెట్టి తూచితే 27 ఏళ్లలో ఎగిరే పురుగుల మొత్తం బరువు నాలుగింట మూడొంతులు తగ్గిందని 2017లో తేలింది. నెదర్లాండ్స్‌లో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు నీళ్లలో ఎక్కువున్న చోట్ల పురుగులు తినే పక్షులు వేగంగా తగ్గాయని 2014లో అచ్చయింది. రెండూ కలిసి కనిపించాయన్నది నిజం. ఒకటి రెండోదానికి కారణమని అక్కడి నుంచి దూకడానికి ఇంకొన్ని మెట్లున్నాయి. ఆ మందు మన పత్తి, వరి రైతులకు కొత్త కాదు గనుక ఆ మెట్లు ఎక్కడం మన అవసరమే.

మన దేశంలో 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక, దీర్ఘకాలపు లెక్క తీయగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయని చెప్పింది. ఆ లెక్కకు ఆధారం ప్రయోగశాల కాదు, సుమారు 30,000 మంది మామూలు పక్షి పరిశీలకులు ఈ-బర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసిన జాబితాలు. అంతకుముందు 2007లో బెంగళూరు జాతీయ జీవశాస్త్రాల కేంద్రం, హైదరాబాదు నుంచి వెలువడే ఇండియన్ బర్డ్స్ పత్రిక కలిసి వలస పిట్టలు వచ్చిన తేదీలు పోగుచేయడానికి మైగ్రెంట్‌వాచ్ మొదలుపెట్టాయి. ఆ సమాచారమూ ఇప్పుడు ఈ-బర్డ్‌లోనే ఉంది.

చీడిల్ న్యాయవాది చేసింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. తన వసారాలో ఉన్న పిట్ట గురించి తేదీ వేసి ఒక ముక్క రాసిపెట్టాడు. ఈ సెప్టెంబరులో మీ ఊరవతల కరెంటు తీగ మీద మొదటి వానకోయిల కనిపించిన రోజు తేదీ, ఊరి పేరు, ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. మార్చి దాటాక ఆఖరిగా చూసిన రోజు కూడా రాయండి. ఒకవేళ ఏ రోజూ కనిపించకపోతే, కనిపించలేదని రాయడం ఇంకా ముఖ్యం.